హంతకుడు ముందే తెలిసిపోతే పుస్తకం మూసెయ్యాలా?

బొబ్బిలి నుంచి డిగ్రీ చదివే అబ్బాయి ఒకతను అడిగిన ప్రశ్న ఇది, కాస్త కుదించి పెడుతున్నాను: "సార్, ఓటీటీలో సిరీస్‌లు చూసి చూసి క్రైమ్ నవలలు మొదలుపెట్టాను. సగానికే హంతకుడెవరో తెలిసిపోతోంది, ఇంక చదవబుద్ధి కావట్లేదు. స్పై నవలలైతే యాభై పేజీలు దాటలేకపోయాను, ఎవరు ఎవరి మనిషో అర్థం కాదు. తెలుగు డిటెక్టివ్ నవలలు అన్నీ కాపీలే అంటారు, నిజమేనా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?"

బాబూ, నా మనవడి ఈడు వాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. ఉండేది విజయనగరం. ముప్పై రెండేళ్లు కోర్టుల్లో పని చేసి రిటైరయ్యాను, చివరి పన్నెండేళ్లూ సెషన్స్ కోర్టులో బెంచి క్లర్కుని. పగలంతా ఖూనీ కేసుల కాగితాలు, రాత్రయితే ఖూనీ నవలలు. "ఇంటికొచ్చాక కూడా శవాలేనా" అని మా ఆవిడ విసుక్కునేది. కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నా. హంతకుడు సగానికే తెలిసిపోవడం నష్టమేమీ కాదు. కోర్టులో మాకు మొదటి రోజే తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. వాకిట్లో టీ అమ్మేవాడికి కూడా తెలుసు. తెలిసినదాన్ని రుజువు చెయ్యడం దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

పదిహేనేళ్ల పైమాటే ఒక కేసు చెబుతాను. గట్టు తగాదా. ఒకాయన్ని పట్టపగలు పొలంలోనే గొడ్డలితో నరికేశారు. చూసినవాళ్లు నలుగురు. ముద్దాయి చూపిస్తే గడ్డికుప్ప కింద గొడ్డలి దొరికిందని మధ్యవర్తుల (దగ్గరుండి చూసిన సాక్షుల) రిపోర్టు, దాని మీద వీఆర్వో సంతకం. అన్నీ బాగానే ఉన్నాయి. విచారణ మొదలయ్యేసరికి చూసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి "నానేటీ సూణ్ణేదు బాబూ, ఆ రోజు నాను కల్లం కాడున్నాను" అన్నారు. నలుగురికి నలుగురూ అడ్డం తిరిగారు. ఇంక మిగిలింది ఆ గొడ్డలే. డిఫెన్సు లాయరు వీఆర్వోని చాలా మర్యాదగా అడిగాడు, "మీ చేత్తో పట్టుకుని చూశారు కదండీ, పిడి ఎలా ఉంది?" అని. "మామూలు కర్రేనండి" అన్నాడాయన. జడ్జి గారు చెబితే నేనే ఆ ప్యాకెట్టు విప్పాను. తెల్ల గుడ్డ, లక్క సీలు, మీద ఎం.ఓ.1 అని చీటీ, అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన మొదటి వస్తువు. కత్తెరతో కుట్లు తెంపి బల్ల మీద పెడితే, పిడి చుట్టూ జానెడు మేర సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద రాగి తీగ కట్టి ఉంది. కళ్లున్నవాడెవడూ మరిచిపోడు అలాంటిది. వీఆర్వో తల దించుకున్నాడు. ఆయన ఆ ఊరే వెళ్లలేదు, స్టేషన్లో కూర్చుని సంతకం పెట్టాడన్నమాట. కేసు కొట్టేశారు. సాయంత్రం నేను ఇంటికి వెళ్తూ చూస్తే బస్టాండు కాంప్లెక్సులో ముద్దాయి, అతని తరఫు వాళ్లు, అడ్డం తిరిగిన సాక్షులు, చనిపోయినాయన తమ్ముడు, అందరూ ఒకే బస్సెక్కుతున్నారు. ఆ ఊరికి అదే ఆఖరి బస్సు.

ఈ కేసులో "ఎవరు చంపారు" అన్న ప్రశ్నే లేదు. అయినా ఆ ప్యాకెట్టు కుట్లు తెంపుతున్నప్పుడు నాకు పట్టినంత టెన్షన్ ఏ నవల చదివినప్పుడూ పట్టలేదు.

మన నవలల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడిదే. ఆఖరి అధ్యాయంలో డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గుట్టంతా విప్పుతాడు, హంతకుడు "అవును, నేనే చంపాను" అని ఏడుస్తాడు, ఇన్‌స్పెక్టరు బేడీలు వేస్తాడు, శుభం కార్డు. బాబూ, పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ ఇదే చెప్పేది, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక అది 23వ సెక్షన్‌లోకి చేరింది, అంతే. ఒక్క మినహాయింపు ఉంది: "ఫలానా చోట దాచాను" అని ముద్దాయి చెప్పి, అక్కడ ఆ వస్తువు నిజంగా దొరికితే, ఆ మేరకు మాత్రం లెక్కలోకి వస్తుంది. అందుకే పైన చెప్పిన గొడ్డలికి అంత విలువ, ఆ పిడి దగ్గర కేసు పోవడానికి కారణం కూడా అదే. నవలలో గుట్టు విప్పేశాక మర్నాడు ఉదయం ఏమవుతుందో రాసేవాళ్లు ఎవరూ ఉండరు. నన్నడిగితే ఆ మర్నాడు నుంచే పుస్తకం మొదలవ్వాలి. (సినిమాల్లో సుత్తి కొట్టి "ఆర్డర్ ఆర్డర్" అనే జడ్జిని నేను నా సర్వీసులో ఒక్కర్ని కూడా చూడలేదు, భగవద్గీత మీద ప్రమాణం చేయించడమూ చూడలేదు. అది వేరే బాధ.)

తెలుగువి కాపీలేనా అన్నావు. చాలావరకు అవును, దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి రోజుల్లో బెంగాలీ నుంచి వచ్చాయి, తర్వాత ఇంగ్లీషు నుంచి. మా చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు అంటే ప్రాణం పెట్టేవాళ్లం, కొంచెం పెద్దయ్యాక మధుబాబు రాసిన గూఢచారి షాడో. మా ఊళ్లో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర అద్దె పుస్తకాల బడ్డీ ఒకటుండేది, డిపాజిట్టు కట్టి తెచ్చుకుంటే రోజుకి ఐదు పైసలు. క్లాసు పుస్తకంలో పెట్టుకుని చదివేవాళ్లం, మేష్టారికి దొరికితే పుస్తకంతో పాటు డిపాజిట్టూ పోయేది. ఒకసారి ఒక నవల తెచ్చుకుంటే ఆఖరి ఎనిమిది పేజీలు లేవు, ఎవడో చింపేశాడు. బడ్డీ ఆయన్ని అడిగితే "ఐదు పైసలకి అంతే వస్తుంది" అన్నాడు. మేం నలుగురం కూర్చుని నాలుగు ముగింపులు కట్టాం, రెండు రోజులు దెబ్బలాడుకున్నాం. ఆ బడ్డీలో చదివిన వందల నవలల్లో హంతకులెవరో నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ చిరిగిన పుస్తకంలో మాత్రం వంటవాడు అబద్ధం ఎందుకు చెప్పాడు, గడియారం ఎవరు వెనక్కి తిప్పారు అన్నది ఇవాళ అడిగినా వరసగా చెప్పగలను.

ఆ నవలల్లో బలం ఏమిటంటే పరుగు. పొట్టి వాక్యాలు, అధ్యాయం ఆఖర్లో ఒక కేక, పేజీ తిప్పక చస్తావు. పుస్తకం ముట్టనివాళ్ల చేత కూడా చదివించారు, అది చిన్న పని కాదు. బలహీనత ఏమిటంటే కాళ్లు నేల మీద ఉండవు. కులం ఉండదు, అప్పు ఉండదు, వీఆర్వో ఉండడు, ఆఖరి బస్సు ఉండదు. సూటు వేసుకున్నాయన సిగరెట్టు వెలిగిస్తాడు, అంతే. షాడో అయితే ఒకటో నవలకీ పదిహేనో నవలకీ మనిషిలో మార్పుండదు, ఎన్ని తూటాలు తప్పించుకున్నా రాత్రి పీడకల కూడా రాదు.

నేల మీద నిలబడ్డ తెలుగు క్రైమ్ కావాలంటే డిటెక్టివ్ అరలో వెతకొద్దు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు పుట్టింది 1922లో శ్రీకాకుళంలో, ప్లీడరీ చేసింది విశాఖలో. ఆయన 'ఆరు సారా కథలు' తీసి చూడు. కేసు ఎలా కడతారు, సాక్షిని ఎలా తయారు చేస్తారు, బీదవాడు బోనులో ఎలా నిలబడతాడు, ప్లీడరు ఎలా మాట్లాడతాడు, అన్నీ లోపలి నుంచి చూసి రాసినవి. అందులో ఎవరూ ఏ గుట్టూ విప్పరు, గుట్టంటూ ఏమీ లేదు కనక, అందరికీ అన్నీ తెలుసు. మా కోర్టు వరండా యథాతథంగా అక్కడ ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మన ఊళ్లోనే ఉంది. కన్యాశుల్కంలో ఖూనీ కేసు సంగతి ఎప్పుడైనా ఆలోచించావా? గిరీశం మాటలకి నవ్వేసి ఊరుకుంటాం గానీ, రెండో సగమంతా ఖూనీ కేసే. పెళ్లికూతురు మాయమైంది, లుబ్ధావధాన్లే చంపేశాడని కేసు. హెడ్డు కానిస్టేబు, రామప్పంతులు, దొంగసాక్ష్యాల బేరం. తీరా చూస్తే పెళ్లికూతురంటూ ఎవరూ లేరు, అది ఆడవేషం వేసుకున్న కరటకశాస్తుర్లు శిష్యుడు! శవం లేదు, చనిపోయిన మనిషి లేదు, అసలు ఆ మనిషే లేదు, కేసు మాత్రం ఉంది. ఎవరు ఎవరో చూసేవాళ్లకి మొదటి నుంచీ తెలుసు. అయినా సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వెళ్లే దాకా కుర్చీలోంచి లేవం. 1892లో ఇక్కడే ఆడిన నాటకం అది. నువ్వు చదివిన ఏ ట్విస్టుకీ అది తీసిపోదు.

ఇంగ్లీషు వాటికి వస్తే అగాథా క్రిస్టీని తప్పించుకోలేవు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ ఆసుపత్రి మందుల విభాగంలో పని చేసింది, అందుకే విషాల దగ్గర తప్పు పట్టలేం. నాకు ఇష్టమే, కానీ ఆవిడ శవాలు వాసన రావు. పోస్టుమార్టం డాక్టరు ముక్కు మూసుకోడు, పోయినవాడి ఇల్లాలికి రేషను కార్డు బెంగ ఉండదు. అది చదరంగం, చదరంగంగానే ఆడాలి. 1926లో వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' నవల ఒక్కటి మాత్రం ఏ రివ్యూ చూడకుండా, ఏ స్నేహితుడి నోరూ తెరవనివ్వకుండా చదువు. ముందే తెలిస్తే నష్టం లేదని ఇంతసేపూ చెప్పాను కదా, దానికి మినహాయింపు అదే.

నా మాటకి సాక్ష్యం కావాలంటే ఫ్రెడరిక్ ఫోర్సిత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' ఉంది. 1971లో వచ్చింది. 1963లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుడు బయల్దేరతాడు. చదివే ప్రతివాడికీ తెలుసు డిగాల్ అలా చావలేదని, ఆయన 1970లో ఇంట్లోనే పోయాడు. ఎవర్ని చంపాలో, చంపలేడనీ మొదటి పేజీకే తెలుసు. ఇంకేం మిగిలింది అంటావా? నేను రెండోసారి చదువుతూ కూడా అన్నం చల్లారబెట్టుకున్నాను. ఫోర్సిత్ ఆ రోజుల్లో ప్యారిస్‌లో రాయిటర్స్ విలేకరి, 1962 ఆగస్టులో డిగాల్ కారు మీద నిజంగా జరిగిన కాల్పులతోనే కథ ఎత్తుకున్నాడు. దొంగ పాస్‌పోర్టు కోసం ఆ హంతకుడు శ్మశానంలో తిరిగి చిన్నప్పుడే పోయిన పిల్లాడి పేరు ఏరుకుని, వాడి జనన ధ్రువపత్రం తీయించి, దాని మీద పాస్‌పోర్టుకి పెడతాడు. అటు పోలీసాయన హోటళ్లలో దిగినవాళ్ల కార్డులు తిరగేయిస్తుంటాడు. ఒకడు కాగితాలు పుట్టిస్తుంటే ఇంకొకడు కాగితాలు వెతుకుతుంటాడు. తుపాకీ పేలేది ఎప్పుడో గానీ లేదు. క్లర్కు పని చేసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

ఇదేదో నేను గుమాస్తాని కాబట్టి గొప్ప చెప్పుకుంటున్నాననుకోకు. డిటెక్టివు అనగానే భూతద్దం గుర్తొస్తుంది కదా, వేలిముద్రలతో దొంగని పట్టే పద్ధతికి ప్రాణం పోసింది భూతద్దం కాదు, బీరువా. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారు. అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు పది వేళ్ల ముద్రలనీ 1024 గళ్లలో సర్దే లెక్క కట్టడంలో ప్రధానంగా పని చేశారు. పేరు మాత్రం పై అధికారి హెన్రీది. అప్పటిదాకా ముద్ర దొరికినా, వేల కార్డుల్లో దాని జోడీ వెతకడం ఎవరి తరం? ఇప్పుడూ అంతే, సీసీ కెమెరాలో మొహం స్పష్టంగా పడినా, ఆ రికార్డింగు కాపీకి చట్టం అడిగే సర్టిఫికెట్టు జత చెయ్యకపోతే కోర్టు దాన్ని చూడదు. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ అనేవాళ్లం, కొత్తదాంట్లో 63. ఈ ఒక్క కాగితం మీద ఎవరైనా తెలుగులో నవల రాస్తే నేను పది కాపీలు కొని పంచుతాను.

ఇప్పుడు గూఢచారులు. నువ్వు యాభై పేజీల దగ్గర ఆగిపోయింది, పరుగు కోసం చూశావు కాబట్టి. క్రైమ్ నవలలో అబద్ధాన్ని విప్పుతారు, స్పై నవలలో అబద్ధాన్ని కడతారు. ఇటుక మీద ఇటుక పేరుస్తారు, ఆ పేర్పు చూడటమే రుచి.

దీనికి ఇంగ్లీషు దాకా పోనక్కర్లేదు. ముద్రారాక్షసం అంటే మనకి అచ్చుతప్పు గుర్తొస్తుంది గానీ, విశాఖదత్తుడి నాటకం అచ్చమైన స్పై థ్రిల్లర్. నందరాజుల మంత్రి పేరు రాక్షసుడు, అతని ముద్ర ఉంగరం ఒకటి జారిపడి చాణక్యుడి గూఢచారికి దొరుకుతుంది. చాణక్యుడు ఒక ఉత్తరం రాయిస్తాడు, రాసింది రాక్షసుడి స్నేహితుడి చేతే, అతనికి ఎందుకో తెలీదు. దాని మీద ఆ ముద్ర వేస్తాడు. అంతే, ఆ ఒక్క ఉత్తరంతో అవతలి కూటమి మొత్తం ఒకర్నొకరు అనుమానించుకుని కూలిపోతుంది. అసలు గమ్మత్తు ఏమిటంటే చాణక్యుడికి రాక్షసుడు చావడం ఇష్టం లేదు, అతనే చంద్రగుప్తుడికి మంత్రి కావాలి. శత్రువుని చంపడం వీధి రౌడీ పని, శత్రువుని మన మనిషిగా తిప్పుకోవడం గూఢచారి పని. షాడోకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వేగుల పట్టీ చూడు: విద్యార్థి వేషం, సన్యాసి వేషం, రైతు వేషం, వర్తకుడి వేషం. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే మాట చెబితేనే నమ్మమంటాడు. మా జడ్జి ఒకాయన సాక్షుల విషయంలో సరిగ్గా ఇదే లెక్క వేసేవాడు, అర్థశాస్త్రం చదివాడని నేననుకోను.

మన తీరం మీదే ఇంకొకటి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. నాకప్పుడు పదమూడేళ్లు. విశాఖలో ఉన్న మా పెదనాన్న ఇంట్లో కిటికీ అద్దాలు అదిరాయని వాళ్లు వచ్చినప్పుడల్లా చెప్పేవాళ్లు. ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి, వాటి జోలికి పోను. నాకు నచ్చింది దానికి ముందు జరిగినది. ఘాజీ వచ్చింది విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. కానీ అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించాలి. పాత నౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ లాగా వైర్‌లెస్ మాట్లాడించారు. పెద్ద నౌకకి సరిపడా మాంసం, కూరగాయలు, సరుకులు విశాఖ బజారులో ఆర్డరు చేశారు, చూసేవాడు ఎవడైనా ఉంటే చూడనీ అని. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని విక్రాంత్ నావికుడొకడు అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి పంపించారు. అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత తన జ్ఞాపకాల్లో ఇవన్నీ రాశాడు. యుద్ధంలో వంకాయల ఆర్డరు ఒక ఆయుధం! నవలాకారుడు గ్రాహం గ్రీన్ 1958లో 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'లో దీన్నే తిరగేసి నవ్వులాట చేశాడు: హవానాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునేవాడు ఆ మిషను భాగాల బొమ్మలు గీసి, రహస్య ఆయుధాలని చెప్పి లండన్‌కి పంపిస్తాడు, వాళ్లు నమ్ముతారు. గ్రీన్ స్వయంగా బ్రిటన్ గూఢచారి శాఖలో పని చేసినవాడే, అందుకే అంత ధైర్యం.

ఇది తలకెక్కితే జాన్ లె కారే వెంటనే అర్థమవుతాడు. అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, బ్రిటన్ గూఢచారి సంస్థలు రెండింట్లోనూ పని చేశాడు. అతని హీరో జార్జ్ స్మైలీ పొట్టిగా, లావుగా, టై కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు. మా ఆఫీసులో హెడ్ క్లర్కు ఒకాయన అచ్చం ఇలాగే ఉండేవాడు, పంచె కొసతో తుడిచేవాడు, అంతే తేడా. 1974లో వచ్చిన 'టింకర్ టైలర్' లో స్మైలీ చేసేదంతా పాత ఫైళ్లు చదవడం, రిటైరైనవాళ్లని పలకరించడం, ఉండాల్సిన చోట ఏ కాగితం లేదో చూసుకోవడం. గూఢచారి ఆఫీసులోనే ఉంటూ శత్రువులకి పని చేసే దొంగ ఎవరో సగానికే నీకు అనుమానం వస్తుంది. రానీ. ఆ ఆఫీసులో అందరికీ లోపల్లోపల తెలుసు, ఒప్పుకోలేకపోయారు. ఆ ఒప్పుకోలేకపోవడమే నవల.

వరస అడిగావు కాబట్టి: ముందు ఆరు సారా కథలు, తర్వాత జాకాల్, దాని తర్వాత లె కారేలో చిన్నది, 1963 నాటి 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్'. టింకర్ టైలర్ ఆఖర్న. ఒక చీటీ మీద ఎవరు ఎవరి మనిషో పేర్లు రాసుకుంటూ చదువు, పెన్సిల్‌తో రాయి, కొట్టెయ్యాల్సి వస్తుంది. మొదటి అరవై పేజీలు ఏమీ అర్థం కాకపోతే నీ తప్పేం లేదు, ఆగకు. అయిపోయాక ఆ చీటీ పారెయ్యకుండా పుస్తకంలోనే ఉంచు, రెండోసారి తీసినప్పుడు ఎవర్ని ఏ పేజీ దగ్గర మంచివాడనుకున్నావో అందులో దొరుకుతుంది.